గ్యాస్ బావికి ముందు ఊరి మాట: ప్రజాభిప్రాయ సేకరణకు చట్టం ఇచ్చిన బలమెంత?

సహజవాయువును దేశ రాజధాని ఒక విధంగా చూస్తుంది, గోదావరి డెల్టా మరొక విధంగా చూస్తుంది. ఢిల్లీలో అది గాలిని తేటపరచే ఇంధనం. 1998 జూలై 28న సుప్రీంకోర్టు ఇచ్చిన ఆదేశంతో నగరంలోని బస్సులన్నీ డీజిల్‌ను విడిచి సీఎన్‌జీకి మారవలసి వచ్చింది. 2002 చివరికి ఆ మార్పు దాదాపు పూర్తయింది. రాజధాని పరిసరాల్లోని పరిశ్రమలు బొగ్గును వదిలి శుభ్రమైన ఇంధనాలకు మారాలన్న నిబంధన 2023 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చింది. దేశ ఇంధన వినియోగంలో సుమారు 6 శాతంగా ఉన్న సహజవాయువు వాటాను 2030 నాటికి 15 శాతానికి పెంచాలన్నది ప్రభుత్వ లక్ష్యం. దేశానికి కావలసిన గ్యాసులో దాదాపు సగం దిగుమతి చేసుకుంటున్నాం గనుక, స్వదేశంలో కొత్త బావుల అన్వేషణ జాతీయ అవసరమన్న వాదనకు బలం ఉంది.

అయితే గ్యాస్ పుట్టే చోట దాని రూపం వేరు. అక్కడ అది కొబ్బరితోటల నడుమ లేచే రిగ్గు, రాత్రంతా వెలిగే మంట, పొలం కింద నుంచి సాగిపోయే పైపులైను, భారీ వాహనాలకు కుంగిపోయే ఊరి రోడ్డు. ఎప్పుడైనా ప్రమాదం జరిగితే అది ప్రాణాల మీదికి వస్తుంది. ఈ రెండు దృష్టుల మధ్య వారధిగా మన చట్టం ఏర్పరచిన వేదిక ఒకటి ఉంది. దానినే పత్రికల్లోనూ, ప్రభుత్వ ప్రకటనల్లోనూ ‘ప్రజాభిప్రాయ సేకరణ’ అంటున్నాం. ఆ వేదిక ఎలా ఏర్పడింది, అక్కడ ఊరి మాటకు ఎంత విలువ ఉంది, ఏయే సందర్భాల్లో అసలు ఆ వేదికే ఉండదు అన్న అంశాలను పరిశీలిద్దాం.

కోనసీమ అనుభవం

కృష్ణా–గోదావరి బేసిన్‌లో చమురు, గ్యాస్ అన్వేషణ 1970ల చివర నుంచి సాగుతోంది. రాజమహేంద్రవరం కేంద్రంగా ఓఎన్‌జీసీ ఉభయ గోదావరి జిల్లాల్లో బావులు తవ్వింది. తాటిపాక, నరసాపురం వంటి పేర్లు గ్యాస్ పటంలో చేరాయి. సముద్రంలో కనుగొన్న కేజీ–డీ6 క్షేత్రం నుంచి 2009 ఏప్రిల్‌లో ఉత్పత్తి మొదలైన తరువాత, తీరప్రాంతంలోని గాడిమొగ పేరు కూడా దేశానికి పరిచయమైంది.

ఈ ప్రయాణంలో డెల్టా ప్రజల జ్ఞాపకంలో చెరగని తేదీలు ఉన్నాయి. 1995 జనవరి 8న పాశర్లపూడి వద్ద బావి అదుపు తప్పి గ్యాస్ ఎగసిపడింది. ఇలాంటి ఘటనను చమురు రంగంలో బ్లోఅవుట్ అంటారు. ఆ మంటలు 65 రోజుల పాటు మండాయి. చుట్టుపక్కల గ్రామాల వారిని ఖాళీ చేయించవలసి వచ్చింది. విదేశాల నుంచి నిపుణులను రప్పించి, మార్చి 15 నాటికి గానీ బావిని మూయలేకపోయారు.

2014 జూన్ 27న తెల్లవారుజామున మామిడికుదురు మండలం నగరం గ్రామంలో గెయిల్ పైపులైను పేలింది. తాటిపాక వైపు నుంచి గ్యాసును తీసుకువెళ్లే ఆ లైను ఇళ్ల పక్క నుంచే సాగింది. ఇరవై మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. ఇళ్లు, దుకాణాలు, కొబ్బరిచెట్లు కాలిపోయాయి. 2026 జనవరిలో మలికిపురం మండలం ఇరుసుమండ వద్ద మరో బావి నుంచి గ్యాస్ ఎగసి మంటలు చెలరేగినప్పుడు, పెద్దవారికి పాశర్లపూడి, నడివయసు వారికి నగరం గుర్తుకు రావడం సహజం.

ఈ నేపథ్యంలో కోనసీమలో కొత్త బావి అన్న మాట వినగానే ప్రజలు ప్రశ్నలు వేస్తారు. వాటిని అభివృద్ధికి అడ్డుపడే ధోరణిగా కొట్టిపారేయడం తేలికే కానీ న్యాయం కాదు. భూమి కుంగుతోందా, ఉప్పునీరు లోపలికి చొచ్చుకువస్తోందా, బోరు నీరు పాడవుతోందా అన్న సందేహాలకు శాస్త్రీయమైన సమాధానం పొందే హక్కు అక్కడి వారికి ఉంది. ఆ సమాధానం అధికారికంగా వినిపించవలసిన చోటే ప్రజాభిప్రాయ సేకరణ సభ.

ఈ హక్కు ఎలా వచ్చింది?

భోపాల్ దుర్ఘటన తరువాత వచ్చిన 1986 నాటి పర్యావరణ పరిరక్షణ చట్టం ఈ వ్యవస్థకు మూలం. ఆ చట్టం కింద కేంద్రం 1994 జనవరి 27న పర్యావరణ ప్రభావ అంచనాపై తొలి నోటిఫికేషన్ వెలువరించింది. భారీ ప్రాజెక్టులకు ముందస్తు పర్యావరణ అనుమతి తప్పనిసరి అయింది. బహిరంగ విచారణను తప్పనిసరి చేసిన సవరణ 1997 ఏప్రిల్ 10న వచ్చింది. అంటే ప్రాజెక్టు చుట్టూ నివసించే వారి మాట వినకుండా అనుమతి ఇవ్వరాదన్న సూత్రం మన దేశంలో స్థిరపడి మూడు దశాబ్దాలు కూడా నిండలేదు.

ప్రస్తుతం అమలులో ఉన్నది 2006 సెప్టెంబరు 14 నాటి నోటిఫికేషన్. దీని ప్రకారం అనుమతి ప్రక్రియ నాలుగు దశల్లో సాగుతుంది. మొదటిది, ప్రాజెక్టు ఏ తరగతికి చెందుతుందో, దానికి అధ్యయనం అవసరమో కాదో తేల్చడం. రెండవది, అధ్యయనంలో ఏయే అంశాలు ఉండాలో నిర్ణయించడం. మూడవది ప్రజలతో సంప్రదింపు. నాలుగవది, నిపుణుల కమిటీ మదింపు. ‘ఏ’ తరగతి ప్రాజెక్టులకు ఢిల్లీలోని కేంద్ర పర్యావరణ, అటవీ, వాతావరణ మార్పుల మంత్రిత్వ శాఖ అనుమతి ఇస్తుంది. ‘బీ’ తరగతి ప్రాజెక్టులను రాష్ట్ర స్థాయి సంస్థ పరిశీలిస్తుంది. ‘బీ’ తరగతిలోనే ‘బీ1’, ‘బీ2’ అన్న విభజన ఉంది. ఈ చిన్న అంకెల తేడాలోనే పెద్ద విషయం దాగి ఉంది. ‘బీ2’గా నిర్ణయిస్తే ప్రభావ అంచనా నివేదికా అక్కరలేదు, ప్రజలతో సంప్రదింపూ అక్కరలేదు.

సభ ఎలా జరగాలి?

నోటిఫికేషన్‌కు అనుబంధంగా ఉన్న నియమావళి ఈ విషయంలో స్పష్టంగా ఉంది. సభను నిర్వహించే బాధ్యత రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలిది. ఒక ప్రధాన జాతీయ దినపత్రికలోను, ఒక ప్రాంతీయ భాషా దినపత్రికలోను ప్రకటన ఇవ్వాలి. స్పందించడానికి ప్రజలకు కనీసం 30 రోజుల వ్యవధి ఉండాలి. ముసాయిదా నివేదిక ప్రతులను కలెక్టరు కార్యాలయం, జిల్లా పరిషత్తు, జిల్లా పరిశ్రమల కేంద్రం, కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ కార్యాలయం వంటి చోట్ల ప్రజలు చదువుకునేందుకు ఉంచాలి. నివేదిక సారాంశం ఇంగ్లీషులోను, స్థానిక భాషలోను ఉండాలి.

సభ ప్రాజెక్టు స్థలంలో గానీ, దానికి దగ్గరలో గానీ జరగాలి. కలెక్టరు గానీ, అదనపు జిల్లా మేజిస్ట్రేటు స్థాయికి తగ్గని అధికారి గానీ అధ్యక్షత వహించాలి. ఇంతమంది హాజరైతేనే సభ చెల్లుతుందన్న నియమం లేదు. పదిమంది వచ్చినా సభ జరిగినట్టే. కార్యక్రమం మొత్తాన్ని వీడియో తీయాలి. హాజరైన ప్రతి ఒక్కరికీ సంస్థను సమాచారం లేదా వివరణ అడిగే అవకాశం ఇవ్వాలి. చివర్లో సభా వివరాలను స్థానిక భాషలో చదివి వినిపించి, సభ ఆమోదించిన ప్రతిపై అధ్యక్షత వహించిన అధికారి సంతకం చేయాలి. ప్రజలు లేవనెత్తిన అంశాలు, వాటికి సంస్థ ఇచ్చిన సమాధానాలతో ఒక పట్టిక రూపొందించి జతచేయాలి. ఈ ప్రక్రియ అంతా 45 రోజుల్లో ముగియాలి.

సభకు రాలేని వారు, దూరప్రాంతాల్లో ఉన్నవారు తమ అభిప్రాయాన్ని రాతపూర్వకంగా పంపవచ్చు. హైదరాబాదులోనో, ఢిల్లీలోనో స్థిరపడి సొంత ఊళ్లో కొబ్బరితోట ఉన్నవారికి కూడా ఈ దారి తెరిచే ఉంటుంది. సభలో అన్నమాటకూ, గడువులోగా రాసి పంపిన మాటకూ చట్టం దృష్టిలో తేడా లేదు.

స్థానిక పరిస్థితుల వల్ల ప్రజలు స్వేచ్ఛగా అభిప్రాయం చెప్పే వీలు లేదని భావిస్తే, కారణాలు నమోదు చేసి సభ అవసరం లేదని నిర్ణయించే అధికారం కూడా అనుమతినిచ్చే సంస్థకు ఉంది. అందుకే సభలో కుర్చీలు విసిరి, మైకులు లాక్కుని సమావేశాన్ని ఆపించడం ప్రాజెక్టును ఆపినట్టు కాదు. చాలా సందర్భాల్లో దానివల్ల నష్టపోయేది ఊరే. ఎందుకంటే రికార్డుకు ఎక్కవలసిన ప్రశ్న రికార్డుకు ఎక్కదు.

సేకరణ, సంప్రదింపు, సమ్మతి

ఇక్కడ మాటల అర్థాన్ని కొంచెం నిలిచి చూడవలసిన అవసరం ఉంది. తెలుగులో మనం ‘ప్రజాభిప్రాయ సేకరణ’ అంటున్నాం. సేకరణ అంటే పోగుచేయడం. జనం చెబుతారు, అధికారులు రాసుకుంటారు. నోటిఫికేషన్ వాడిన మాటకు సరైన అర్థం ‘సంప్రదింపు’. సంప్రదింపులో ఇరువైపుల నుంచి మాట నడవాలి. అడిగినవారికి జవాబు దక్కాలి. ఆ జవాబు వల్ల ప్రాజెక్టు రూపం కొంతైనా మారే అవకాశం ఉండాలి. పదం చిన్నబోయినప్పుడు ప్రక్రియ కూడా చిన్నబోతుంది.

మరోవైపు, సంప్రదింపు అంటే సమ్మతి కాదు. ఊరంతా ఏకకంఠంతో వద్దన్నా, చట్టప్రకారం అది ప్రాజెక్టును దానంతట అది రద్దు చేయదు. సభలో ఓటింగు ఉండదు, చేతులెత్తే పద్ధతి లేదు. సమ్మతి అవసరమయ్యే సందర్భాలు వేరే చట్టాల్లో ఉన్నాయి. అటవీ హక్కుల చట్టం ఆధారంగా నియమగిరి బాక్సైట్ వ్యవహారంలో గ్రామసభలే తేల్చాలని సుప్రీంకోర్టు 2013 ఏప్రిల్ 18న తీర్పు ఇచ్చింది. ఒడిశాలోని 12 గ్రామసభలు గనుల తవ్వకాన్ని తిరస్కరించాయి. కానీ డెల్టా గ్రామాలు షెడ్యూల్డు ప్రాంతాలు కావు, అటవీ హక్కుల పరిధిలోకీ రావు. కనుక కోనసీమ రైతుకు నియమగిరి గిరిజనుడికి ఉన్న ఆయుధం లేదు.

అయితే ఊరి మాటకు బలమే లేదా అంటే, ఉంది. ఆ బలం సంఖ్యలో గాక కారణంలో ఉంది. గోవాలోని ఒక గనికి సంబంధించిన ఉత్కర్ష్ మండల్ కేసులో ఢిల్లీ హైకోర్టు 2009 నవంబరు 26న ఇచ్చిన తీర్పు ఈ విషయంలో దారిదీపం. బహిరంగ విచారణలో వచ్చిన అభ్యంతరాలను నిపుణుల మదింపు కమిటీ నిజంగా పరిశీలించాలని, వాటిని ఎందుకు అంగీకరించిందో, ఎందుకు తోసిపుచ్చిందో కారణాలతో నమోదు చేయాలని ఆ తీర్పు స్పష్టం చేసింది. అంటే ‘ప్రాజెక్టు వద్దు’ అన్న నినాదాన్ని ఒక్క వాక్యంతో దాటవేయవచ్చు. ‘బావి నుంచి పాఠశాలకు దూరమెంత, నివేదికలో ఆ పాఠశాల ప్రస్తావన ఎందుకు లేదు’ అన్న ప్రశ్నను దాటవేస్తే మాత్రం అనుమతి న్యాయస్థానంలో నిలవడం కష్టం.

2020లో వచ్చిన మార్పు

చమురు, గ్యాస్ రంగానికి సంబంధించి కీలకమైన మలుపు 2020 జనవరి 16న వచ్చింది. అంతకు ముందు భూమిపైన గానీ, సముద్రంలో గానీ చమురు, గ్యాస్ అన్వేషణ, అభివృద్ధి, ఉత్పత్తి అన్నీ ‘ఏ’ తరగతిలోనే ఉండేవి. ఆ రోజు వెలువడిన సవరణతో అన్వేషణను విడదీసి ‘బీ2’ తరగతిలో చేర్చారు. అభివృద్ధి, ఉత్పత్తి దశలు మాత్రం ‘ఏ’ తరగతిలోనే కొనసాగుతున్నాయి.

ఈ నిర్ణయం వెనుక ప్రభుత్వ వాదన ఇది. అన్వేషణ బావి తాత్కాలికమైనది. కొద్ది నెలల్లో తవ్వకం ముగుస్తుంది. గ్యాస్ దొరకకపోతే బావిని మూసి, స్థలాన్ని చదును చేసి వెళ్లిపోతారు. గ్యాస్ ఉందో లేదో తెలియని దశలోనే సుదీర్ఘ ప్రక్రియ పెడితే పెట్టుబడి రాదు, దిగుమతి భారం తగ్గదు. ఈ వాదనలో తర్కం లేకపోలేదు.

గ్రామాల వైపు నుంచి చూస్తే మరొక తర్కం కనిపిస్తుంది. బ్లోఅవుట్‌కు అన్వేషణ బావి, ఉత్పత్తి బావి అన్న తేడా తెలియదు. భూగర్భంలో పీడనం ఎంత ఉందో ముందుగా తెలియని చోట తవ్వడమే అన్వేషణ. కనుక ఆ దశలో జాగ్రత్త మరింత అవసరం. రెండవది, గ్యాస్ దొరికిన తరువాత ఉత్పత్తికి అనుమతి కోరుతూ సభ పెట్టేనాటికి బావి ఎక్కడ ఉండాలన్న ప్రశ్న ఎప్పుడో తేలిపోయి ఉంటుంది. కోట్లాది రూపాయలు అప్పటికే ఖర్చయి ఉంటాయి. స్థలం మార్చమని ఊరు అడగగలిగిన ఒకే ఒక్క సమయంలో ఊరిని ఎవరూ అడగరు, అడిగే సమయానికి మార్చడానికి ఏమీ మిగలదు. వివాదానికి అసలు కేంద్రం ఇదే.

ఈ రెండు వాదనల మధ్య సంస్థలు తమంతట తాము చేయగలిగిన పని ఒకటి ఉంది. చట్టం నిర్బంధించకపోయినా అన్వేషణ దశలోనే పంచాయతీకి వెళ్లి స్థలపటం చూపించి, అత్యవసర ప్రణాళిక వివరించి, సందేహాలు తీర్చడాన్ని ఏ నోటిఫికేషనూ నిషేధించలేదు. ఒక సాయంత్రం పంచాయతీ కార్యాలయంలో వెచ్చించే రెండు గంటలు, తరువాతి కాలంలో రోడ్డుపై ఆగిపోయే రెండు నెలల కంటే చౌక.

పైపులైనుది వేరే దారి

నగరం దుర్ఘటన బావి వద్ద జరగలేదు, పైపులైను వద్ద జరిగింది. పైపులైనుకు వర్తించే నియమాలు వేరు. 2006 నోటిఫికేషన్ ప్రకారం చమురు, గ్యాస్ పైపులైనుకు పర్యావరణ అనుమతి అవసరమయ్యేది అది జాతీయ ఉద్యానాలు, అభయారణ్యాలు, పగడపు దిబ్బలు, పర్యావరణపరంగా సున్నితమైన ప్రాంతాల గుండా వెళ్లినప్పుడే. వరిపొలాలు, కొబ్బరితోటలు, ఊళ్ల పక్క నుంచి వెళ్లే లైనుకు ఈ నోటిఫికేషన్ కింద బహిరంగ విచారణ ఉండదు.

అక్కడ వర్తించేది 1962 నాటి పెట్రోలియం, ఖనిజాల పైపులైన్ల చట్టం. ఇది భూమిని స్వాధీనం చేసుకోదు, భూమి కింద లైను వేసుకునే వినియోగ హక్కును మాత్రమే తీసుకుంటుంది. యాజమాన్యం రైతుదే. ఆ మేర భూమిలో పంట వేసుకోవచ్చు గానీ ఇల్లు కట్టకూడదు, చెరువు గానీ బావి గానీ తవ్వకూడదు, చెట్టు నాటకూడదు. కొబ్బరి ప్రధాన ఆదాయమైన ప్రాంతంలో ‘చెట్టు నాటకూడదు’ అన్న షరతు ఎంత బరువైనదో వేరే చెప్పనవసరం లేదు. జరిగిన నష్టానికి పరిహారంతో పాటు భూమి మార్కెట్ విలువలో 10 శాతం చెల్లించాలని చట్టం చెబుతోంది. ఆ మొత్తంపై వివాదం ఉంటే జిల్లా న్యాయమూర్తిని ఆశ్రయించవచ్చు.

ఇక్కడ రైతుకు ఉన్న గడువు 21 రోజులు. గెజిట్‌లో ప్రకటన వెలువడిన నాటి నుంచి ఆ లోగా రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పాలి. చెప్పినవారి వాదన వినవలసిన బాధ్యత ఆ చట్టం కింద నియమితుడైన అధికారిపై ఉంది. గెజిట్ చదివే అలవాటు ఏ ఊళ్లోనూ ఉండదు. కనుక సర్వే రాళ్లు కనిపించిన రోజే రెవెన్యూ కార్యాలయంలో ఆరా తీయడం మేలు. మరొక లోటు కూడా గమనించాలి. ఈ చట్టం వినియోగ హక్కు తీసుకున్న భూమిలో ప్రయోజనం ఉన్నవారి గురించే మాట్లాడుతుంది. లైను పక్కనే ఇల్లున్నా, ఆ భూమితో సంబంధం లేని కుటుంబానికి అభ్యంతరం చెప్పే వేదిక అందులో లేదు.

ఏ భాషలో అడుగుతున్నారు?

సభ తెలుగులో జరుగుతుంది. సారాంశం తెలుగులో ఉంటుంది. కానీ వందల పుటల అసలు నివేదిక ఇంగ్లీషులో ఉంటుంది. ప్రమాద విశ్లేషణ, భూగర్భజలాల లెక్కలు, గాలి నాణ్యత పట్టికలు అన్నీ అందులోనే. తెలుగు సారాంశంలో ఉన్నది ప్రాజెక్టు పరిచయం, సంస్థ హామీలు. ప్రశ్న పుట్టవలసిన సమాచారం ఒక భాషలో, ప్రశ్న అడగవలసిన వేదిక మరొక భాషలో ఉండటం ఈ ప్రక్రియలోని పెద్ద లోపం.

ఈ అంశం ఢిల్లీ హైకోర్టు ముందుకు ఒక ముఖ్యమైన సందర్భంలో వచ్చింది. 2006 నోటిఫికేషన్ స్థానంలో కొత్తది తేవాలని కేంద్రం 2020 మార్చిలో ముసాయిదా రూపొందించింది. బహిరంగ విచారణకు ముందు ప్రజలకు ఇచ్చే 30 రోజుల వ్యవధిని 20 రోజులకు తగ్గించాలన్నది అందులోని ప్రతిపాదనల్లో ఒకటి. కరోనా లాక్‌డౌన్ రోజుల్లో వెలువడిన ఆ ముసాయిదాపై హైకోర్టు 2020 జూన్ 30న ఆదేశమిస్తూ అభ్యంతరాల గడువును ఆగస్టు 11 వరకు పొడిగించింది. ముసాయిదాను రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లోకి అనువదించాలని కూడా చెప్పింది. తెలుగు వాటిలో ఒకటి. అధికారిక పత్రాలు హిందీ, ఇంగ్లీషుల్లో ఉంటే చాలునన్న వాదనతో కేంద్రం సుప్రీంకోర్టును ఆశ్రయించింది. ఆ తరువాత ముసాయిదా తుదిరూపం దాల్చలేదు, 2006 నోటిఫికేషనే సవరణలతో కొనసాగుతోంది. కానీ హైకోర్టు లేవనెత్తిన ప్రశ్న ఇప్పటికీ సజీవంగానే ఉంది. అర్థం కాని భాషలో అడిగిన అభిప్రాయం అభిప్రాయమేనా?

వినకపోతే ఏమవుతుంది?

తెలుగునాట ఒక చేదు ఉదాహరణ సోంపేట. అది గ్యాస్ ప్రాజెక్టు కాదు, థర్మల్ విద్యుత్ కేంద్రం. శ్రీకాకుళం జిల్లాలోని చిత్తడి నేలల్లో ఆ కేంద్రం వద్దని రైతులు, మత్స్యకారులు మొదటి నుంచీ మొరపెట్టుకున్నారు. 2010 జూలై 14న ఆందోళనపై పోలీసులు కాల్పులు జరపగా ఇద్దరు మరణించారు. అదే రోజు ఢిల్లీలోని జాతీయ పర్యావరణ అప్పీలు సంస్థ ఆ ప్రాజెక్టు పర్యావరణ అనుమతిని రద్దు చేసింది. ఆ నేలలు బీడు భూములు కావు, చిత్తడి నేలలే అన్న ఊరివారి మాట చివరికి నెగ్గింది. అదే మాటను మొదటి సభలోనే శ్రద్ధగా విని ఉంటే రెండు ప్రాణాలు నిలిచేవి.

గ్యాస్ విషయంలో పొరుగున ఉన్న తమిళనాడు అనుభవం దగ్గరగా ఉంటుంది. పుదుక్కోట్టై జిల్లా నెడువాసల్‌లో హైడ్రోకార్బన్ ప్రాజెక్టుకు వ్యతిరేకంగా 2017 ఫిబ్రవరిలో పెద్ద ఎత్తున ఆందోళన మొదలైంది. కావేరీ డెల్టా పొడవునా అది వ్యాపించింది. చివరికి ఆ రాష్ట్రం 2020లో రక్షిత వ్యవసాయ మండలి చట్టం చేసి, డెల్టాలో కొత్త చమురు, గ్యాస్ అన్వేషణను నిషేధించింది. గోదావరి డెల్టా, కావేరీ డెల్టా రెండూ వరి పండించే నేలలే, రెండింటి కిందా గ్యాస్ ఉంది. ఒకచోట రాష్ట్రం తలుపు మూసింది, మరొకచోట తెరిచే ఉంచింది. ఏది సరైనదన్నది విధాన నిర్ణయం. కానీ తలుపు మూసే దాకా వెళ్లడానికి కారణం, మాట్లాడుకునే వేదికపై నమ్మకం పోవడమే అన్నది మాత్రం రెండు పక్షాలూ గుర్తించవలసిన సంగతి.

అస్సాంలోని బాఘ్‌జాన్ మరో హెచ్చరిక. 2020 మే 27న అక్కడి గ్యాస్ బావి అదుపు తప్పింది. జూన్ 9న నిప్పు అంటుకుంది. ఇద్దరు అగ్నిమాపక సిబ్బంది ప్రాణాలు కోల్పోయారు. మంటలను పూర్తిగా ఆర్పేసరికి నవంబరు నెల సగం గడిచింది. పాశర్లపూడి జరిగిన పాతికేళ్ల తరువాత కూడా ఇలాంటి బావిని అదుపు చేయడానికి నెలలు పట్టిందంటే, అత్యవసర ప్రణాళిక గురించి ప్రజలు గుచ్చిగుచ్చి అడగడం అతిశయం కాదు.

సభలో అడగదగిన ప్రశ్నలు

సభకు వెళ్లేవారు ముందుగా సారాంశాన్ని చదివి, ప్రశ్నలను కాగితంపై రాసుకోవడం మంచిది. నోటిమాటతో పాటు ఆ కాగితాన్ని అందజేసి రసీదు తీసుకుంటే అది రికార్డులో నిలుస్తుంది. గ్యాస్ ప్రాజెక్టు విషయంలో ముఖ్యంగా అడగవలసినవి కొన్ని ఉన్నాయి.

బావికి అతి దగ్గరి ఇల్లు, బడి, ఆసుపత్రి, తాగునీటి చెరువు ఎంత దూరంలో ఉన్నాయి? ఈ స్థలం కాక వేరే స్థలాలు పరిశీలించారా, వాటిని ఎందుకు విడిచారు? బావి అదుపు తప్పితే మొదటి గంటలో ఊరికి ఎవరు, ఎలా కబురు చేస్తారు? జనాన్ని ఏ రోడ్డున, ఎక్కడికి తరలిస్తారు? మాక్ డ్రిల్ ఎప్పుడు జరుగుతుంది? తవ్వకంలో వచ్చే బురదను, గ్యాసుతో పాటు పైకి వచ్చే ఉప్పునీటిని ఎక్కడ నిల్వ చేస్తారు, వరద వస్తే ఆ గుంటల సంగతేమిటి? తవ్వకానికి ముందు ఊరి బోర్ల నీటిని పరీక్షించి ఫలితాలను పంచాయతీలో ప్రదర్శిస్తారా? ముందటి లెక్క లేకపోతే, తరువాత నీరు పాడైందని నిరూపించడం ఎవరి తరమూ కాదు. కౌలురైతుకు పరిహారం ఎలా అందుతుంది? కాగితాల్లో పేరులేని కౌలుదారులు ఎక్కువగా ఉన్న డెల్టాలో ఈ ప్రశ్న చిన్నది కాదు.

సభలో సంస్థ ఇచ్చిన హామీలకు విలువ ఉంది. ప్రజలు లేవనెత్తిన అంశాలపై ఇచ్చిన హామీలను పర్యావరణ నిర్వహణ ప్రణాళికలో చేర్చాలని మంత్రిత్వ శాఖ 2020 సెప్టెంబరు 30న ఆదేశించింది. అందువల్ల ‘రోడ్డు వేయిస్తాం’ అన్న మాటను ‘ఏ రోడ్డు, ఎన్నాళ్లలో’ అని అడిగి రికార్డులో రాయించుకోవాలి. తేదీ లేని హామీని తరువాత ఎవరూ లెక్క అడగలేరు.

సభ ముగిసిన తరువాత

సభ ముగిసిందంటే ఊరి పాత్ర ముగిసినట్టు కాదు. సభా వివరాలు ఢిల్లీకి చేరుతాయి. నిపుణుల మదింపు కమిటీ సమావేశపు ఎజెండా, తీర్మానాలు ‘పరివేష్’ పోర్టల్‌లో అందరికీ అందుబాటులో ఉంటాయి. ఊరు అడిగిన ప్రశ్నలు అందులో కనిపిస్తున్నాయా, వాటికి కారణాలతో జవాబు ఉందా అన్నది చూడాలి. ఊళ్లో చదువుకున్న యువకులు చేయదగిన సేవ ఇది.

అనుమతి వచ్చాక దానితో విభేదించేవారు జాతీయ హరిత ట్రిబ్యునల్‌ను ఆశ్రయించవచ్చు. అప్పీలుకు గడువు 30 రోజులు. తగిన కారణం చూపితే మరో 60 రోజుల వరకు ఆలస్యాన్ని మన్నించే అధికారం ట్రిబ్యునల్‌కు ఉంది. ఆపై ఒక్క రోజు దాటినా తలుపు మూసుకున్నట్టే. తెలుగు రాష్ట్రాలు చెన్నైలోని దక్షిణ మండల ధర్మాసనం పరిధిలోకి వస్తాయి. అక్కడ నిలిచేవి సభలో నమోదైన ప్రశ్నలు, గడువులోగా పంపిన లేఖలు, రసీదులు.

ప్రజాభిప్రాయ సేకరణ ప్రాజెక్టును ఆపే యంత్రం కాదు, ఆమోదముద్ర వేసే తంతు కూడా కాదు. ఢిల్లీలో ఫైలుపై సంతకం చేసే అధికారికి కనిపించనివి, ఊళ్లో తరతరాలుగా ఉన్నవారికి తెలిసినవి కొన్ని ఉంటాయి. వరద ఏ గట్టు తెంచుకుని వస్తుందో, ఏ దారి వర్షంలో మూసుకుపోతుందో, ఏ ఇంట్లో నడవలేని వృద్ధులు ఉన్నారో వారికి తెలుసు. ప్రమాదం జరిగిన రాత్రి ప్రాణాలు కాపాడేది ఆ సమాచారమే. దానిని బావి తవ్వక ముందే అడిగి తెలుసుకునేందుకు చట్టం ఒక రోజును కేటాయించింది. ఆ రోజున సంస్థ ఓపికగా జవాబు చెప్పాలి, అధికారి నిజాయితీగా నమోదు చేయాలి, ఊరు సిద్ధపడి రావాలి. ఈ మూడింటిలో ఏది లోపించినా, మిగిలేది సంతకాలున్న కాగితం మాత్రమే.